టపాసుల సాయంత్రం

పెళ్లయి ముప్పై ఎనిమిది రోజులైనా మొగుడూ పెళ్లామూ ఒకరినొకరు "మీరు" అనుకుంటున్నారంటే అందులో తప్పేమీ లేదు. మర్యాద మంచిదే. కానీ పొద్దున్నే బ్రష్ నోట్లో పెట్టుకుని, గడ్డం మీదుగా నురగ కారుతుండగా, "కాస్త జరుగుతారా అండీ" అని మొగుడు అడిగి, "అయ్యో, రండి రండి" అంటూ పెళ్లాం తన నురగతో తాను పక్కకి తప్పుకుంటే, ఆ ఇల్లు కాపురంలా ఉండదు. బ్యాంకు కౌంటరులా ఉంటుంది.

మన కొత్త పెళ్లికూతురి దిగులంతా ఇదే. మిగతా అన్నిటికీ ఆమె మురిసిపోతూనే ఉంది. ఒకే కొక్కేనికి రెండు తువ్వాళ్లు వేలాడితే మురుస్తుంది. గుమ్మం దగ్గర తన చెప్పుల పక్కన పడవల్లాంటి అతని చెప్పులు కనబడితే మురుస్తుంది. ఇన్ని మురిపాల మధ్య ఈ "అండీ" ఒక్కటే అన్నంలో రాయిలా పంటికి తగులుతోంది.

ఆమె కళ్లద్దాల షాపులో చూపు పరీక్షిస్తుంది. అతను రెండు వీధుల అవతల వినికిడి యంత్రాలు అమర్చే దుకాణంలో పనిచేస్తాడు. ఎవరి చెవికి తగ్గ అచ్చు వాళ్లకి పోసి, అరగదీసి, నొప్పి లేకుండా కూర్చోబెట్టడం అతని పని. సంబంధం తెచ్చింది ఆమె పిన్ని. "అమ్మాయి కళ్లు చూస్తుంది, అబ్బాయి చెవులు చూస్తాడు. కంటికీ చెవికీ బెత్తెడే దూరం, ఇక ఆలోచించేదేముంది" అని రెండు వైపులా ఒప్పించేసింది. ఆ బెత్తెడు దూరం ఇంకా బెత్తెడుగానే ఉండిపోయింది.

పైగా ఒక భయం కూడా పెట్టింది పిన్నే.

"నలభై రోజులే అమ్మడూ. ఆలోపు నోటికి ఏ పిలుపు పడితే కాటికి పోయేదాకా అదే. సిమెంటు లాంటిది. తడిగా ఉన్నప్పుడే గీత గీసుకోవాలి. ఆరాక గునపం పెట్టి పొడిచినా లాభం లేదు."

పిన్ని మాట గాలిమాట కాదు, అనుభవం. ఇరవై ఆరేళ్లుగా బాబాయిని "ఏమండీ" అనే పిలుస్తోంది. పోట్లాటలో కూడా అంతే. "మీకు బుద్ధుందాండీ? ఉంటే ఎక్కడ దాచుకున్నారండీ?" అంటుంది. "చూశావా అమ్మడూ, తిట్టినా గౌరవానికి లోటు లేదు" అని బాబాయి నవ్వేస్తాడు. అందరూ నవ్వుతారు. కానీ ఒకసారి గిన్నెలు తుడుస్తూ పిన్ని అన్న మాట ఆమె మనసులోంచి పోలేదు. "ఒక్కసారి నువ్వు అని పిలుద్దామనుకున్నానే. నోరు తెరిచేలోపు పిల్లలు పుట్టేశారు."

అందుకే ఆమె సాధన మొదలుపెట్టింది. షాపులో చీకటి గదిలో, అక్షరాల బోర్డు వైపు తిరిగి, మెల్లగా "నువ్వు... నువ్వు..." అని అనుకునేది. ఓ రోజు కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్న సంగతి మరిచిపోయింది. "నేనేనా తల్లీ?" అన్నాడాయన బెదిరిపోయి. "మీరు కాదండీ, కింది వరస చదవండి" అంది.

గురువారం, అంటే ముప్పై ఎనిమిదో రోజున, షాపు నడిపే ఆవిడ ఒక కవరు చేతిలో పెట్టింది. పెళ్లి కానుక ఆలస్యమైందంటూ నొచ్చుకుంది కూడా. లోపల హోటల్ కూపన్. "డాబా మీద టపాస్ సాయంత్రం, పన్నెండు పళ్లేలు, ఇద్దరికి" అని బంగారు రంగులో అచ్చయి ఉంది. టపాస్ అంటే అరచేతంత పళ్లేల్లో ఒకటి తర్వాత ఒకటి వచ్చే చిరుతిళ్లని షాపావిడ చెప్పింది. శనివారానికి రాసి ఉంది. శనివారం అంటే నలభయ్యో రోజు. ఇంతకన్నా మంచి ముహూర్తం ఎవరు పెట్టగలరు.

భోజనాల వేళ అతనికి ఫోన్ చేసింది. కూపన్ మీద ఉన్నది టపాస్. కానీ పన్నెండు పళ్లేలు వచ్చేదాన్ని ఏకవచనంలో ఎవరంటారు? సంతోషంలో చివర ఒక "లు" తగిలించింది. ఆ "లు" అవతలి చెవిలో ఏం చేసిందో ఆమెకి శనివారం దాకా తెలియలేదు.

"శనివారం సాయంత్రం ఖాళీయేనా అండీ?"

"ఖాళీయేనండీ. ఏంటి విశేషం?"

"హోటల్లో టపాసులు. పైన డాబా మీద. మనిద్దరికే."



"టపాసులా?"

"పన్నెండు రకాలట."

"మనకి ఎంత దూరంలో?"

హోటలు ఎంత దూరమని అడుగుతున్నాడనుకుంది. "దూరమేంటండీ, పక్కనే కదా."

"మరీ పక్కనేనా."

"మన టేబుల్ మీదే పెడతారట. ఒకటి అయ్యాక ఒకటి. వేడి తగ్గకముందే కానిచ్చెయ్యాలట. ఇష్టం లేకపోతే చెప్పండి, మానేద్దాం."

"నా సంగతి కాదండీ. మీకు ఇష్టమేనా?"

"నాకా? ఇలాంటి సాయంత్రం ఒక్కటైనా ఉండాలని చిన్నప్పట్నుంచీ కలలు కంటున్నా."

"అయితే వెళ్దామండీ" అన్నాడు, సూదిమందుకు చెయ్యి చాపి మొహం పక్కకి తిప్పుకున్నవాడి గొంతుతో.

ఆ సాయంత్రం అతను గంట ఆలస్యంగా ఇంటికొచ్చాడు. ఏమిటంటే, చిన్న అచ్చు పని మిగిలిపోయిందన్నాడు.

శనివారం ఆమె అతనికి ఆకాశం రంగు సిల్కు చొక్కా ఇస్త్రీ చేసి మంచం మీద పరిచింది. అతను దాన్ని పక్కకి జరిపి ముతక నూలు చొక్కా తీసుకున్నాడు.

"సిల్కు తొందరగా అంటుకుంటుందండీ" అన్నాడు.

చెమటకి ఒంటికి అంటుకుంటుందని కాబోలు అనుకుంది. ఆ తర్వాత అతను ఆమె వైపు పరీక్షగా చూసి, "మీరు కూడా జుట్టు ముడేసుకుంటే మంచిదేమో" అన్నాడు. భుజాల మీద అలా అలవోకగా పడినట్టు కనిపించడానికి ఆ జుట్టు వెనక గంటంబావు కష్టం ఉంది. ఆమె మూతి ముడిచింది. జుట్టు మాత్రం ముడవలేదు.

హోటల్ లిఫ్టులో అతను అద్దం వైపు తిరిగి రెండు చెవుల దగ్గరా జుట్టు సర్దుకున్నాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. నా కోసం ఎంత సింగారించుకుంటున్నాడో అని ఆమె కోపం అక్కడే కరిగిపోయింది. ఆరో అంతస్తు వచ్చేసరికి మళ్లీ మురిపెంలో పడింది.

మురిసిపోవాల్సిన చోటే అది. గుండ్రటి టేబుళ్ల మీద నేలదాకా జారిన తెల్లటి గుడ్డలు. గాజు సీసాల్లో చిన్న చిన్న దీపాలు. పిట్టగోడ వెంబడి కుండీల్లో తీగలు. ఆ పక్క మేడల మీద నీళ్ల ట్యాంకులు, ఆరేసిన దుప్పట్లు, కింద వీధిలో అగ్గిపెట్టెలంత బస్సులు. పొద్దు అప్పుడే వాలుతోంది. తెల్ల ఏప్రన్ కట్టుకుని, సిగలో పెన్సిల్ గుచ్చుకున్న ఒక నడివయసు ఆవిడ వడ్డనకి వచ్చింది. కొత్త జంటని చూడగానే ఆమె మొహం విప్పారింది.

"టపాస్ ఎప్పుడైనా తిన్నారామ్మా? టపా అంటే వాళ్ల భాషలో మూత. పూర్వం గ్లాసులో ఈగలు పడకుండా పైన చిన్న పళ్లెం మూత పెట్టి, అందులో ఓ ముక్క వేసి ఇచ్చేవాళ్లట. అలా వచ్చిందంటారు."

"భలే ఉందే" అంది ఆమె. అతను మాత్రం వడ్డించే ఆవిడ పెదాల వైపే చూస్తూ చివరిదాకా తలూపి, "మీ దగ్గర బకెట్ ఉంటుందాండీ?" అన్నాడు.

"ఐసు బకెట్టా సార్?"

"ఏదైనా పర్లేదు. నీళ్లు మాత్రం నిండా ఉండాలి."

బకెట్ వచ్చింది. దాన్ని తీసి తన కాలి పక్కన పెట్టుకున్నాడు. కుర్చీని ఆమె దగ్గరికి జరుపుకున్నాడు. బకెట్ సంగతేమో గానీ కుర్చీ సంగతి ఆమెకి నచ్చింది.

మొదటి పళ్లెం ఆలివ్ కాయలు. రెండోది టమాటా రుద్దిన కాల్చిన రొట్టె. మూడోది వెల్లుల్లి వేసి వేయించిన పుట్టగొడుగులు. అతను ప్రతి పళ్లేన్నీ ముందు దూరం నుంచి చూసి, ఏమీ కాదని తేల్చుకున్నాక వేలు పెడుతున్నాడు. ఒక పళ్లెంలో జున్ను ముక్కలకి పుల్లలు గుచ్చి తెస్తే, ఆ పుల్లల చివర్లనే రెప్ప వాల్చకుండా చూశాడు.

"ఎలా ఉంది?" అంది ఆమె.

"ఏడున్నర" అన్నాడు.

"టైము కాదండీ, రుచి అడిగాను."

"గొడుగా? తేలేదండీ. వానొచ్చేలా లేదుగా."

పాపం కంగారు పడుతున్నాడు అనుకుంది. తనకి మాత్రం కంగారు లేదా? పళ్లెంలో ఒక్క పుట్టగొడుగు మిగిలింది. సమయం ఇదే. "నువ్వు తీసుకో" అనాలి. రెండే మాటలు. ఊపిరి పీల్చుకుంది.

"నువ్వు..."

తర్వాతి మాట గొంతులోనే ఉండిపోయింది. ఎందుకంటే అతను నవ్వాడు. మామూలు నవ్వు కాదు, పళ్ల డాక్టరు ముందు కూర్చున్నవాడిలా ముప్పై రెండూ కనిపించేలా నవ్వాడు.

సరేలే, సిగ్గుపడ్డాడేమో. ఐదో పళ్లెం వచ్చిపోయింది. మళ్లీ ధైర్యం కూడగట్టుకుంది. ఈసారి అతని కళ్లలోకి చూస్తూ అంది.

"నువ్వు..."

అతను ఇంకా గట్టిగా నవ్వాడు. భుజాలు కదిలాయి. పక్క టేబుల్ దగ్గర కూర్చున్న ముసలి దంపతులు ఇటు తిరిగి చూశారు.

"నువ్వు అంటే నవ్వొస్తోందా?" అంది.

అంతే, అతను కడుపు పట్టుకున్నాడు. వెనక్కి వాలి, టేబుల్ మీద చరిచి, దీపం అదిరేలా నవ్వాడు.

ఆమె చేతిలోని పుల్లని పళ్లెంలో పెట్టేసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది అనుకుంది, ఆ సామెత ఆ పూట అక్షరాలా నిజమని తెలియక. నలభై రోజుల సాధన. చీకటి గదిలో ఎన్నిసార్లు అని ఉంటుంది ఆ మాట. అతనికి అది జోకు. కళ్లలో నీళ్లు తిరిగాయి. దీపాలన్నీ అలుక్కుపోయి, నంబరు తప్పిన కళ్లద్దాల్లోంచి చూసినట్టు కనిపించాయి. పిన్ని సిమెంటు గుర్తొచ్చింది. ఆరిపోయినట్టే ఉంది. ఇక జీవితాంతం "ఏమండీ, మీకు బుద్ధుందాండీ."

"ఇంటికి వెళ్దామా అండీ" అంది, ఆ "అండీ"ని ఒత్తి పలుకుతూ.

అతను నవ్వు ఆపేశాడు. ఆమె మొహం చూసి, ఏదో తప్పు జరిగిందని తెలిసి, ఏం జరిగిందో తెలియక ముందుకు వంగాడు. సరిగ్గా అప్పుడే పక్క టేబుల్ ముసలాయన ఏదో వేడుకకని తెప్పించుకున్న సీసా మెడ చుట్టూ ఉన్న వెండి కాగితం ఒలిచి, బిరడా మీద బొటనవేలు నొక్కాడు.

ఠప్ మని పేలింది.

ఆ తర్వాత ఏం జరిగిందో ఆమెకి ముక్కలు ముక్కలుగానే తెలిసింది. కుర్చీ పడిపోయిన చప్పుడు. "వంగు!" అని ఒక కేక. చెయ్యి పట్టి లాగిన లాగుడు. మరుక్షణం టేబుల్ కింద, తెల్ల గుడ్డ లోపల, ఆమె తల అతని నూలు చొక్కాకి అదుముకుని ఉంది. అతని రెండు అరచేతులూ చెవులు మూసి గట్టిగా పట్టుకున్నాయి. అతని చెవులు కావు, ఆమెవి.

గుడ్డలోంచి దీపాల వెలుగు పాలలా వడకట్టి వస్తోంది. ఒక ఆలివ్ కాయ దొర్లుకుంటూ వచ్చి ఆమె మోకాలి దగ్గర ఆగింది. ఆమె తల కొంచెం ఎత్తింది. అతని చెవి బెత్తెడు దూరంలో ఉంది. ఆ చెవిలో, జుట్టు కింద, జున్ను రంగులో ఏదో ఉంది.

రోజుకి ఇరవై మంది చూపు పరీక్షించే మనిషికి గంటన్నరగా ఇది కనిపించలేదు. వేలూ బొటనవేలూ పెట్టి లాగింది. మెత్తటి రబ్బరు బిరడా. రెండో చెవిలోంచి కూడా లాగింది.

"ఏంటివి?"

"అయిపోయిందా?" అన్నాడు ఊపిరి బిగబట్టి.

"ఏది?"

"మొదటిది. ఇంకా పదకొండు ఉన్నాయి కదా."

"పదకొండు ఏంటండీ?"

"టపాసులు."

ఆమె నోరు తెరిచింది. గురువారం నాటి ఫోను, ఎంత దూరంలో అన్న ప్రశ్న, అంటుకునే సిల్కు, ముడి వెయ్యాల్సిన జుట్టు, నీళ్ల బకెట్, అన్నీ వరసగా వచ్చి వేటి కుర్చీల్లో అవి కూర్చున్నాయి.

"టపాస్ అంటే తినేవి" అంది. "ఇందాకట్నుంచీ తింటున్నవే."

"ముందు తిండి పెట్టి, తర్వాత కాలుస్తారనుకున్నాను."

"టేబుల్ మీదా?"

"మీరే కదా టేబుల్ మీదే అన్నారు. పెద్ద హోటల్, ఏమో, ఇలాంటివి ఉంటాయేమో అనుకున్నాను."

ఆమెకి నవ్వు పొంగుకొచ్చింది. కానీ అతని చేతులు ఇంకా ఆమె చెవుల దగ్గరే ఉన్నాయి. నవ్వు మింగేసి ఆ చేతులు పట్టుకుంది. అతను మెల్లగా చెప్పాడు. ఆరేళ్లప్పుడు ఒక టపాసు సరిగ్గా చెవి పక్కన పేలింది. మూడు రోజులు లోపల ఈల తప్ప ఇంకేమీ వినపడలేదు. చెవుల డాక్టరు ఒక ఇనుప కడ్డీని మీటి చెవి వెనక పెడితే, అది సన్నగా మోగడం వినపడింది. ఆ సన్నటి మోత విని ఏడ్చేశాడట. ఆ రోజే అనుకున్నాడట, పెద్దయ్యాక చెవుల పనే చెయ్యాలని. కానీ భయం మాత్రం పోలేదు. పిల్లలు బెలూన్లు పట్టుకుంటే ఇప్పటికీ వీధి అటువైపుకి దాటుతాడు.

"మరి ఎందుకొచ్చారు?"

"చిన్నప్పట్నుంచీ కలలు కంటున్నానన్నారు కదా." కాస్త ఆగి, "గురువారం కూర్చుని నా చెవులకి నేనే అచ్చు పోసుకున్నాను. మీకూ చేద్దామనుకున్నాను గానీ, మీరు చప్పుడు వినాలని వస్తున్నారాయె. మధ్యలో నేను టపా కట్టేస్తే మీ పిన్నికి మీరే సర్దిచెప్పాలి" అన్నాడు.

ఈసారి ఆమె నవ్వు మింగలేదు. నవ్వి నవ్వి తల టేబుల్‌కి కొట్టుకుంది. పైన పళ్లేలు గలగలమన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది.

"మరి నేను మాట్లాడినప్పుడల్లా ఎందుకు నవ్వారు?"

"మీరేగా నవ్వమన్నారు."

"నేనెప్పుడన్నాను?"

"మూడుసార్లు. నాకు పెదాలు చదవడం వచ్చండీ, దుకాణంలో అలవాటైంది. మొదటిసారి 'నవ్వు' అన్నారు, నవ్వాను. చాల్లేదేమో, మళ్లీ అన్నారు. ఇంకాస్త నవ్వాను. మూడోసారి ఏకంగా నవ్వు మీద నవ్వు అన్నారు. దవడలు పట్టేశాయి నాకు."

"అంత ఎందుకు నవ్వడం, పిచ్చివాడిలా?"

అతను నేల మీది ఆలివ్ కాయని వేలితో అటూ ఇటూ దొర్లించాడు.

"మీరు 'నవ్వండి' అనలేదు. 'నవ్వు' అన్నారు. 'అండి' లేదు. నలభై రోజుల్లో మొదటిసారి. అది చూసేసరికి... చెప్పకపోయినా నవ్వేవాణ్నే."

ఈ రాయి తన పంటికొక్కదానికే తగులుతోందని నలభై రోజులుగా అనుకుంటూ వచ్చింది ఆమె.

"నేను 'నవ్వు' అనలేదు" అంది.

"మరి?"

"నువ్వు."

"ఏంటి?"

"నువ్వు. నువ్వు అన్నాను. నీ బిరడాలు తీసేశాగా, ఇప్పుడు వినపడుతోందా?"

"వినపడింది" అన్నాడు. ఈసారి నవ్వలేదు. చెవి వెనక కడ్డీ మోగినప్పుడు ఆరేళ్ల పిల్లాడి మొహం ఎలా ఉండి ఉంటుందో, అలా ఉంది అతని మొహం.

"నువ్వు కూడా అన్నావు" అంది. "ఇందాక, వంగు అని."

"అన్నానా? భయంలో అనేశాను. సారీ అండీ."

"మళ్లీ అండీయా. ముందు అన్నది అను."

"వంగు."

"ఇంకా ఎంత వంగను, ఇప్పటికే టేబుల్ కింద ఉన్నాను."

తెల్ల గుడ్డ అంచు లేచింది. సిగలో పెన్సిల్ ఉన్న ఆవిడ మోకాళ్ల మీద వంగి లోపలికి తొంగి చూసింది. ఆమె చేతిలో వేయించిన బంగాళాదుంపలు పొగలు కక్కుతున్నాయి.

"ఆరో పళ్లెం పైన పెట్టనామ్మా, కిందే పెట్టనా?"

పైకి వచ్చి కూర్చున్నారు. ముసలాయన సీసా ఎత్తి చూపించి, భయపెట్టినందుకు క్షమించమన్నట్టు తల వంచాడు. మిగతా పళ్లేల రుచి నిజంగా ఎలా ఉందో అతను అప్పుడే తెలుసుకున్నాడు. పుట్టగొడుగులు మళ్లీ తెమ్మన్నాడు. "టపా అంటే మూత" అన్న కథ ఆమె అతనికి మొదటినుంచీ చెప్పి, రెండు రబ్బరు బిరడాలనీ ఖాళీ పళ్లెంలో పెట్టి చూపించింది. "ఇవిగో, నీ టపాలు." వాటిలో ఒకదాన్ని వడ్డించే ఆవిడ జున్ను ముక్క అనుకుని ఎత్తుకుపోయింది. ఎవరూ వెనక్కి అడగలేదు.

లిఫ్టు కోసం నిలబడ్డప్పుడు ఆమె పిన్నికి మెసేజ్ పెట్టింది. "గీత గీసేశాను."

"ఎలాగే?" అని వెంటనే వచ్చింది.

"టేబుల్ కింద కూర్చుని."

చాలాసేపు ఏమీ రాలేదు. ఇంటి తాళం తీస్తుండగా పిన్ని మెసేజ్ వచ్చింది. "మీ బాబాయి టేబుల్ కిందికి వంగలేరు. మోకాళ్లు. మంచం మీద పని జరగదా?"

నలభై ఒకటో రోజు పొద్దున, వాష్ బేసిన్ దగ్గర, ఇద్దరి నోళ్లలోనూ నురగ.

"జరుగు" అన్నాడు అతను.

"జరగను" అంది ఆమె.